రికార్డుల గదిలో తాపీమేస్త్రి

పెదనాయన పోయాడని శనివారం పొద్దున తెలిసింది. ఫోన్ చేసింది ఇక్కడే ఒమాన్‌లో, సోహార్‌లో ఆయన రూమ్‌లోనే ఉండే జగిత్యాల మనిషి. "చెల్లే, మొన్న గురువారం పగటిపూట స్లాబు మీదనే పానం పోయింది. దవాఖానకు కొంచబోయినం గని అప్పటికే అయిపోయిందన్నరు. గుండె ఆగిందట" అన్నాడు. నేను టీ ట్రే పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు, నాకు వినపడలేదు. ట్రే కింద పెట్టి, నేనూ ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను.

నేను ఫోన్ మోగితేనే చెడు తలుచుకునే మనిషిని. ఊరి నుంచి మిస్డ్ కాల్ వస్తే చాలు, తిరిగి చేసేలోపు ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు అంటగట్టేస్తాను. ఎవరెవరి గురించో అన్ని ఊహించిన దాన్ని, ఆయన గురించి మాత్రం ఒక్కసారీ ఊహించలేదు. ఆయన పక్కన ఉంటే నాకు భయం కాస్త తగ్గేది. బహుశా అందుకే కావచ్చు.

పెదనాయన నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల వైపు పల్లె, నాది కడప జిల్లా. మస్కట్ పక్కన మబేలాలో ఒక విల్లాలో నడిచే రేడియో స్టేషన్లో కలిశాం. నేను ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి, ఆ రేడియో పెట్టిన యజమాని ఇంటికి వచ్చినదాన్ని. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. ఆయనే నన్ను రేడియోలో టీలు పెట్టడానికి, ఊడ్చి తుడవడానికి పంపాడు. పెదనాయన సోహార్‌లోని ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి తాపీమేస్త్రిగా వచ్చినవాడు. ఇద్దరిలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. ఆ రేడియోలో ఇంగ్లీషు తప్ప ఇంకోటి వినపడదు.

ఆ రేడియో గురించి కూడా కొంచెం చెప్పాలి. మా అర్బాబ్ చిన్న వయసులో లండన్‌లో చదువుకున్నాడు. చదువు ఏమాత్రం వచ్చిందో నాకు తెలీదు గానీ, రికార్డులు మాత్రం అట్టపెట్టెలకు అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. అన్నీ పాతకాలపు బ్యాండు పాటలు. గిటార్లు, డ్రమ్ములు, భుజాల దాకా జుట్టు పెంచుకున్న మగవాళ్ళ అరుపులు. దాన్ని రాక్ అంటారని నాకు తర్వాత తెలిసింది. తుఫాను వచ్చి ఖురియాత్ వైపు రోడ్లు కొట్టుకుపోయిన ఏడాది, జనమంతా ఇళ్ళలో బురద ఎత్తిపోసుకుంటుంటే ఈయన రేడియో పెట్టాడు. వాళ్ళింట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఎవరు వింటారని కొడుకులు వెక్కిరించారు. కానీ విన్నారు. ఆయిల్ కంపెనీల ఇంజనీర్లు, ఆస్పత్రుల్లో ఫిలిప్పీన్ నర్సులు, టాక్సీలు తోలే ముసలి ఒమానీలు ఫోన్లు చేసి మరీ పాటలు అడిగేవారు. పాటలు వేసేది, మధ్యలో మాట్లాడేది గోవా సారు. ఆయన గొంతు రేడియోలో వింటే ఆరడుగుల మనిషి అనుకుంటారు. చూస్తే నా భుజం దాకా వస్తాడు.

స్టూడియో గది కొత్తలో గోవా సారు మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టు వచ్చేది. గోడలు బాగుచేయడానికి సోహార్ కంపెనీ పెదనాయనను పంపింది. ఆయన వచ్చిన రోజు నాకింకా గుర్తు. పనిముట్లు తియ్యలేదు. పాట వెయ్యమని సైగ చేసి, గోడ పక్కన నిలబడి, వేలి కణుపుతో కొట్టుకుంటూ గది చుట్టూ తిరిగాడు. కొన్నిచోట్ల ఆగి బొగ్గుతో గీత పెట్టాడు. "గిక్కడ బోలుగున్నది. గిక్కడ పాట ఆగుతలేదు, లోపలికి పోతున్నది" అని నాతో అన్నాడు, నేను తెలుగుదాన్నని ముఖం చూసే తెలిసినట్టు. గీత పెట్టిన చోటల్లా పగలగొట్టి మళ్ళీ కట్టాడు. నాలుగో రోజుకు గోవా సారు గొంతు గోవా సారులాగే వచ్చింది.

పక్క గదిలో రికార్డుల పెట్టెలు నేల మీద గుట్టగా పడి ఉండేవి. పాట కావాలంటే గోవా సారు మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు వెతుక్కునేవాడు. పెదనాయన అది చూడలేకపోయాడు. మిగిలిన ఇటుకలతో, పలకలతో గోడ పొడుగునా అరలు కట్టాడు. కట్టినవాడు ఊరుకోలేదు. ఒక్కో రికార్డూ వేయించుకుని విని, ఏది ఎక్కడ ఉండాలో తనే తేల్చాడు. డ్రమ్ములు దబదబలాడే పాటలు అడుగు అరల్లోకి వెళ్ళాయి. అవి పునాది పాటలు. మామూలు జోరు ఉన్నవి నడుమ అరల్లో, గోడ పాటలు. నెమ్మదిగా, సాయంత్రానికి పనికొచ్చేవి పై అరలో, కప్పు పాటలు. ఒక్కోదాని అంచుకు చీటీ అతికించి తెలుగులో రాశాడు. ఏం రాశాడో మీరు చూడాలి. 'మూడో వరస. ఒకాయన అరుస్తడు, గని మంచోడే.' 'రెండో వరస. డోలు బాగున్నది, పాట బోలు.' 'పై వరస. ఆడామె. వాన పడే ముంగట ఎయ్యాలె.'

గోవా సారు మొదట తల పట్టుకున్నాడు. తర్వాత రెండు గదుల నడుమ ఉన్న అద్దంలోంచి రాగం తీసి వినిపించడం నేర్చుకున్నాడు. "చాచా, బునియాద్ వాలా దో" అని పునాది పాట కోసం డ్రమ్ము కొట్టినట్టు చేతులు ఊపేవాడు. సగం రాగం కాకముందే పెదనాయన చేతిలో రికార్డు ఉండేది. పొద్దున పునాదితో మొదలుపెట్టి సాయంత్రానికి కప్పు వెయ్యడం మా రేడియోకు అలవాటైపోయింది. వినేవాళ్ళకు ఆ సంగతి తెలీదు. ఈ రేడియోలో పాటల వరస భలే కుదురుతుందని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసేవాళ్ళు. గోవా సారు అవి చదివి పెదనాయనకు హిందీలో చెప్తే, ఆయన గడ్డం గోక్కునేవాడు.

నలభై ఏళ్ళు సున్నం, సిమెంటు పట్టిన చేతులాయనవి. వేళ్ళ చివర్లు గరుకుగా పగిలి ఉండేవి. గీత పడుతుందేమోనని రికార్డు ముట్టే ముందు సబ్బుతో రెండుసార్లు కడిగి, గుడ్డ తొడుగులు వేసుకునేవాడు. "పాట శురువుల అందరు మంచిగనే పాడుతరు బిడ్డా. మలుపు కాడ చూడాలె. గోడ వంకర మూలకాడనే తెలుస్తది" అనేవాడు. అది విన్నాకనే నేను ఆ అరుపుల్ని పాటలుగా వినడం మొదలుపెట్టాను.

ఇంత బాగా జరుగుతున్నా నాకు ఒక్కపూట మనసు నిలవలేదు. ఆయన వీసా సోహార్ కంపెనీది. అందులో పని తాపీమేస్త్రి అని ఉంటుంది. రికార్డుల గదిలో పని చేస్తూ లేబర్ ఆఫీసు వాళ్ళకు దొరికితే జైలు, అటునుంచి అటే విమానం. మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు. ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లల చదువు ఆయన మీదే నడుస్తోంది. అర్బాబ్ వీసా తన పేరు మీదికి మార్పిస్తానన్నాడు. కంపెనీ వదలనంది. చివరికి ఒక కాగితం రాసుకున్నారు. విల్లా వెనక ప్రహరీగోడ కట్టడానికి ఒక మేస్త్రిని పంపుతున్నామని, గోడ పూర్తయ్యేవరకు అక్కడే ఉంటాడని. ఆ 'పూర్తయ్యేవరకు' అన్న మాట మీదే పెదనాయన నిలబడి ఉన్నాడు. కాబట్టి గోడ పూర్తి కాకూడదు.

దాదాపు రెండేళ్ళు ఆ గోడ పూర్తి కాలేదు. పొద్దున్నే వచ్చి రెండు వరసలు బ్లాకులు పేర్చేవాడు. రెండు రోజులకోసారి పై వరసలు ఊడదీసేవాడు. తేలిగ్గా ఊడాలని మాలులో సిమెంటు తగ్గించి ఇసుక ఎక్కువ వేసేవాడు. ఊడదీసేటప్పుడు వీధివైపు వీపు పెట్టి నిలబడేవాడు. నేను దాన్ని జాగ్రత్త అనుకున్నాను. బెల్లు మోగితే నా పని గేటు దగ్గరికి నిదానంగా నడవడం. ఈలోపు ఆయన తొడుగులు తీసేసి, వెనక తలుపులోంచి వెళ్ళి తాపీ అందుకోవాలి. నీళ్ళ డబ్బాలవాడు వచ్చినా, ఇస్త్రీ బట్టలవాడు వచ్చినా నా గుండె ఒకేలా కొట్టుకునేది.

"పెదనాయనా, నాకు దినామూ ఇట్లానే ఉండాది. ఎవురో ఒకరు వచ్చి నిన్ను తీసుకపోయినట్టే అనిపిస్తాది" అన్నాను ఒకరోజు.

"వస్తరు, పోతరు. నువ్వు గంతగనం బుగులు పడకు. గోడ ఉన్నదిగదా" అన్నాడు.

గోడ ఉంది. నేనే దాన్ని పడగొట్టాను. పడగొట్టడమంటే, పూర్తి చేయించాను.

అది ఎండలు మొదలవుతున్న రోజులు. పదకొండు గంటలప్పుడు బెల్లు మోగింది. గేటు తీస్తే లేబర్ ఆఫీసు ఆయన. చిన్న వయసువాడే, మంచిగా సలాం చెప్పాడు. అంతా అనుకున్నట్టే జరిగింది. పెదనాయన గోడ దగ్గర చెమటతో ఉన్నాడు. కాగితం చూపించాం. ఆఫీసరు కాగితం చూశాడు, గోడ చూశాడు. కాగితం మీద తేదీ మళ్ళీ చూశాడు. పెదనాయనను ఏమీ అడగలేదు. నేనిచ్చిన నీళ్ళు తాగుతూ, గోడ ఎప్పుడవుతుందని నన్నడిగాడు, "యే దీవార్ కబ్ ఖతమ్?"

ఏం చెప్పినా సరిపోయేది. తెలీదనొచ్చు, బ్లాకులు రాలేదనొచ్చు, మేస్త్రి ముసలివాడనొచ్చు. ఇలాంటివి లెక్కలేనన్ని రాత్రింబవళ్ళు మనసులో అనుకుని పెట్టుకున్నాను కూడా. ఆ కుర్ర ఆఫీసరు నా ముఖంలోకి చూసేసరికి అన్నీ ఎగిరిపోయాయి. ఆలస్యమైందంటే తప్పు పడతాడేమోనని ఒక్కటే తోచింది. "కల్ సార్. కల్ ఖతమ్" అన్నాను, రేపే అయిపోతుందని. ఆయన నవ్వి, కాగితం కింద ఏదో రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అర్బాబ్ వచ్చి చదివి చెప్పాడు. పని ఈ వారంతో పూర్తి, మేస్త్రి శనివారం కంపెనీకి తిరిగి వెళ్ళాలి అని ఉంది. నకలు కంపెనీకి కూడా వెళ్ళింది.

నేనన్న మాట ఎవరికీ చెప్పలేదు. పెదనాయన దూరంగా ఉన్నాడు కదా, వినలేదనుకున్నాను.

మిగిలిన మూడు రోజుల్లో ఆయన గోడ కట్టాడు. ఇసుక మాలు వరసలన్నీ తీసేసి పునాది మీద నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. దారం కట్టి, గుండు వదిలి, ప్రతి బ్లాకూ కొట్టి చూసుకుని పెట్టాడు. ఆ మూడు రోజులూ గోవా సారు పొద్దున నుంచి పునాది పాటలే వేసి, స్టూడియో వెనక కిటికీ తెరిచిపెట్టాడు. పైన సిమెంటు పూసి గిలాబు చేశాక పెదనాయన గోడ మీద అరచేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. శనివారం కంపెనీ వ్యాన్ వచ్చింది. నేను కూరన్నం డబ్బా ఇచ్చాను. "చీటీలు తెలుగుల ఉన్నయి, ఇక్కడ చదివేటిది నువ్వొక్కదానివే. పని ఆగనియ్యకు" అన్నాడు.

అలా రికార్డుల గది నాకొచ్చింది. ఇంటిపని వీసా మీద ఉన్నదాన్ని, తొడుగులు వేసుకుని పాటలు అందించడం మొదలుపెట్టాను. మొదటివారం సాయంత్రం ఆరుగంటలకు పునాది పాట ఇచ్చాను. గోవా సారు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. మెల్లగా కుదిరింది. చీటీలు చదువుతుంటే పెదనాయన పక్కన నిలబడి చెప్తున్నట్టే ఉండేది.

శుక్రవారాలు ఫోన్ చేసేవాడు. సోహార్‌లో ఐదంతస్తుల బిల్డింగు. "మన రేడియో గిక్కడ అందది బిడ్డా. పైన స్లాబు మీద, ఎండ మస్తుగున్ననాడు జర జర వస్తది. పగటిపూట పని బందు పెట్టినప్పుడు పోయి వింట" అన్నాడు. అందరూ నీడలో పడుకునే వేళ ఆ ఎండలోకి ఎందుకు వెళ్తావని పోట్లాడాను. పారాపెట్ గోడ నీడ ఉంటుందిలే అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ప్రతి శుక్రవారం అదే పోట్లాట, ప్రతి శుక్రవారం అదే జవాబు.

నెల తిరిగాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "పెదనాయనా, రేపటికి అయిపోతాదని ఆ ఆఫీసరుతో అనింది నేనే. నా నోరు పడిపోను, నిన్ను నేనే పంపినా" అని ఏడ్చాను.

"విన్న బిడ్డా, ఆ రోజే" అన్నాడు. తర్వాత, "జూడు, నేను మేస్త్రిని. ఒకనాడు కట్టుడు, ఒకనాడు ఇడగొట్టుడు. రెండేండ్లు నాకు మస్తు సిగ్గయింది. తొవ్వల పోయేటోళ్ళు నన్ను చూసి ఏమనుకుంటున్నరో అని వాళ్ళ దిక్కు మల్లకపోతుంటి. నువ్వన్నందుకు ఒక గోడ సక్కగ కట్టి వచ్చిన" అన్నాడు. నా మనసు తేలికపడాలని అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ నిజమే అయి ఉండొచ్చు. డాక్టర్లు గుండె అన్నారు. నాకు మాత్రం ఎండ అనే వినిపిస్తోంది, ఆ ఎండలోకి పంపిన నా మాటే వినిపిస్తోంది.

ఆయన పోయిన పదిరోజులకు, శవాన్ని ఊరికి పంపే కాగితాల పని మీద జగిత్యాల అన్న మస్కట్ వచ్చి, నన్ను చూడటానికి విల్లాకు వచ్చాడు. వెనక గోడ చూపించాను. దాన్ని నిమిరి చూశాడు. అన్నం పెట్టాను, సరిగా తినలేదు. నేను అడగలేక అడగలేక అడిగాను, చివర్లో ఏమైనా అవస్థ పడ్డాడా అని.

"లేదు చెల్లే. నేను పైకి పోయేవరకు ఒకటి దాటింది. పారాపెట్‌కు ఒరిగి కూసున్నడు, నిద్రవోయిండనుకున్న. పానం ఇంకా కొట్టుకుంటున్నది, గని పిలిస్తె పలుకుతలేడు. చెవుల వైర్లు ఉన్నయి. తీసిన. ఏమో, ఏం వింటుండో అని ఒక్క గడియ నా చెవుల పెట్టుకున్న. మాటల్లేవు. ఒట్టి గిటారు వస్తున్నది."

"ఒకటి దాటినాక వార్తలు గదన్నా వచ్చేది" అన్నాను.

"లే, గిటారే. కిందికెల్లి మనుషుల్ని పిలిచి, మోసుకొని దించేదాక గూడ వస్తనే ఉండె."

అది ఏ పాటో, ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలీదు.

పై అరలో ఒక పొడుగు పాట ఉంది. దాని చీటీ మీద, 'మాట తక్కువ. చివరంత ఒట్టి గిటారు. దీన్ని తొందర పెట్టద్దు' అని ఉంటుంది. కానీ గోవా సారుకు అది ఒంటిగంట ముందు ఖాళీ పూడ్చడానికి పనికొచ్చేది. ఒంటిగంట కాగానే వార్తల కోసం కోసేసేవాడు. కోసినప్పుడల్లా పెదనాయన అద్దం అవతల నుంచి గొణిగేవాడు, వార్తలకేం తొందర, అవి ఎటు పోతాయని. మొదట అరలు సర్దినప్పుడు తప్ప ఆయన ఆ పాటను చివరిదాకా వినలేదు.

ఆయన పోయిన ఆ గురువారం గోవా సారు ఆ పాటే వేశాడు. ఇంతలో ప్రకటన ఇచ్చే టైర్ల షాపాయన కింద పిలుస్తుంటే, "ఒంటిగంటకు ఎర్ర బటన్ నొక్కు, అంతే" అని నాకు చెప్పి దిగిపోయాడు. నేను అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చోలేదు. గడియారం ఒంటిగంట అయింది. ఎర్ర బటన్ నా ఎదురుగానే ఉంది. తప్పు నొక్కితే రేడియో మొత్తం ఆగిపోతుందేమో, ఒమాన్ అంతా వింటుందేమో, నన్ను వీసా అడుగుతారేమో అనుకున్నాను. వేలు ముందుకు రాలేదు. ఆ సాయంత్రం వార్తలు ఆలస్యమయ్యాయని అర్బాబ్ చేత తిట్లు తిన్నాను, తిన్నందుకు ఏడ్చాను కూడా.

పాటలో మాటలు అప్పటికే అయిపోయాయి. గిటారు ఒక్కటే సాగుతోంది. నేను తొడుగుల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ నల్ల రికార్డు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ముల్లు మెల్లమెల్లగా లోపలికి జరుగుతూ, చివరి గీత దాకా వెళ్ళింది.